మోసుకురావలసిన దూరం

(మారుమూల సముద్రతీరాల్లో చెత్త తొలగింపు గురించి తిరుపతిలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, స్వచ్ఛంద కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం.

2023 జూలై మధ్యలో, పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి ఉత్తరంగా సుమారు 250 కిలోమీటర్ల దూరాన ఉన్న గ్రీన్ హెడ్ అనే చిన్న ఊరి ఒడ్డుకు, మనిషిని మించిన ఎత్తున్న పీపా లాంటి వస్తువొకటి కొట్టుకువచ్చింది. సముద్రంలో చాలాకాలం తేలిన వస్తువులకు పట్టే గవ్వజీవులు దానికి పట్టి ఉన్నాయి. అదేమిటో తెలియక అక్కడి పోలీసులు కాపలా కాశారు. జూలై 31న ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ, అది భారతదేశపు పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మూడో దశ తాలూకు శకలమై ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని ప్రకటించింది. పీఎస్‌ఎల్‌వీలన్నీ ఎగిరేది శ్రీహరికోట నుంచి. మ్యాపు మీద గీత గీసి కొలిస్తే శ్రీహరికోట మనం కూర్చున్న ఈ చోటికి వంద కిలోమీటర్ల లోపే ఉంటుంది.

రాకెట్ల మీద ఫిర్యాదుగా నేను ఈ సంగతి ఎత్తలేదు. ఆ శకలం ఊరి దగ్గర ఒడ్డెక్కింది కాబట్టి కనబడింది, ఏమిటో తెలుసుకోగలిగారు, తీసివేయగలిగారు. అదే తీరంలో ఇరవై కిలోమీటర్ల అవతల, దారీ ఇల్లూ లేని చోట ఒడ్డెక్కి ఉంటే ఇసుకలో సగం కూరుకుపోయి ఏళ్ల తరబడి అక్కడే ఉండేది. ఈ రోజు నేను మాట్లాడబోయేది అటువంటి చోట్ల గురించి: మనుషులు లేని ఒడ్డున చేరిన మనుషుల చెత్తను ఎట్లా తీసుకురావాలి, ఎప్పుడు తీసుకురావాలి, దేన్ని ముట్టకూడదు అన్న విషయం గురించి.

మన జిల్లాకు సముద్రం ఉందన్న సంగతి తిరుపతి పట్టణంలో పుట్టిపెరిగిన వారికి ఇంకా పూర్తిగా అలవాటు కాలేదని నేను గమనించాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూళ్లూరుపేట, తడ, వాకాడు వంటి మండలాలు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. వాటితోపాటు పులికాట్ సరస్సులో పెద్ద భాగం, శ్రీహరికోట దీవి, దానికి ఉత్తరాన ఉన్న ఇసుక తీరం వచ్చాయి. అయితే పరిపాలనలో ఈ బంధం కొత్తదే కాని, నీళ్ల బంధం కొత్తది కాదు. స్వర్ణముఖి పాకాల వైపు కొండల్లో పుట్టి, చంద్రగిరి, తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా వాకాడు దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఎండిన ఇసుక పట్టుగా ఉంటుంది కాబట్టి, దానిలో వేసిన చెత్త వేసిన చోటనే ఉంటుందని మనం అనుకుంటాం. 2021 నవంబరు వానలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ వారం తిరుపతి వీధుల్లో పారిన నీళ్లూ, తిరుచానూరు దగ్గర స్వర్ణముఖిలో పొంగిన నీళ్లూ ఎక్కడికి పోయాయో ఆ నెలాఖరున నేను వాకాడు వైపు తీరానికి వెళ్లినప్పుడు చూశాను. పోటు నీరు చేరే గీత వెంబడి మందుబిళ్లల అట్టలు, హోటళ్లలో సాంబారు కట్టి ఇచ్చే పలుచని సంచులు, పాల ప్యాకెట్ల మూలలు ఒక నల్లని దండలాగా పరుచుకుని ఉన్నాయి. వాటి నడుమ ఒక తాంబూలం సంచి దొరికింది. గుడ్డలాగా కనబడే ఆ సంచి గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్. వధూవరుల పేర్లు చెరిగిపోయాయి గాని, కల్యాణమండపం పేరు, కింద తిరుపతి అన్న మాట చక్కగా కనబడుతున్నాయి. ఆ పెళ్లికి వెళ్లినవారు ఈ సభలో కూడా ఉండవచ్చు.

తీరమంతా ఒక తీరుగా ఉండదు. తూపిలిపాళెం బీచ్‌కు సెలవు రోజుల్లో జనం వస్తారు. అక్కడి చెత్త ఆ రోజు వేసినదే, మరునాడు పంచాయతీ ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోగలదు. అక్కడి నుంచి దక్షిణంగా దుగరాజపట్నం దాటి, పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే రాయదొరువు ముఖద్వారం వైపు నడిచేకొద్దీ దారులు తగ్గిపోతాయి. ఒక పక్క సముద్రం, మరో పక్క సవక తోపులు, వాటి వెనుక ఉప్పునీటి కయ్యలు, బకింగ్‌హామ్ కాలువ. ట్రాక్టరు చక్రం పొడి ఇసుకలో దిగబడుతుంది. నేను మారుమూల తీరం అంటున్నది దీన్ని. బస్సు దిగిన చోటు నుంచి ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్క నాకు ముఖ్యం కాదు. నిండిన సంచిని మనిషి ఎంత దూరం మోయాలి అన్నదే లెక్క.

ఈ లెక్కను నేను నష్టపోయి నేర్చుకున్నాను. మొదటి సంవత్సరం నలభై మంది విద్యార్థులతో వెళ్లి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చెత్త ఏరాము. పిల్లలు ఎంతో ఇష్టంగా పని చేశారు. రెండు పెద్ద కుప్పలు పోసి, మీద వల కప్పి, ఫొటోలు దిగాము. మరునాడు ఉదయం వాహనం పంపుతామని ఒక కార్యాలయం వారు మాట ఇచ్చారు, అది రాలేదు. ఆ తరువాత రోజు కూడా రాలేదు. నాలుగో రోజు అల్పపీడనం వచ్చింది, పోటు పెరిగింది. వారం తరువాత నేను వెళ్లేసరికి కుప్పలున్న చోట ఇసుక నున్నగా ఉంది. అప్పటికి ముందే, మేము కుప్పలు పోస్తున్నప్పుడే, ఒక పెద్ద వయసు మత్స్యకారుడు నా దగ్గరికి వచ్చి, "సారూ, దీన్ని ఈడ్నే పెట్టిపోతే సముద్రం మళ్లా తీసుకుంటాది" అని చెప్పి ఉన్నాడు. ఆయన మాట విననందుకు నేను ఇప్పటికీ బాధపడతాను. చెత్త తీరం దాటి వెళ్లేదాకా దాన్ని తొలగించినట్టు కాదు. ఆ రోజు మేము చేసిందల్లా, విడివిడిగా ఉన్న చెత్తను సముద్రానికి ఒకేచోట పోగు చేసి ఇవ్వడం.

ఇది మా అనుభవం మాత్రమే అయితే ఇంత సేపు చెప్పేవాణ్ణి కాదు. పసిఫిక్ మహాసముద్రం దక్షిణ భాగంలో హెండర్సన్ అనే దీవి ఉంది. అది బ్రిటన్ అధీనంలోని పిట్‌కెర్న్ దీవుల్లో ఒకటి, 1988లో ప్రపంచ వారసత్వ ప్రదేశమైంది, మనుషులెవరూ ఉండరు, చెప్పుకోదగిన జనావాసం ఏదైనా అక్కడికి అయిదు వేల కిలోమీటర్ల అవతలే. 2015లో ఆ దీవి మీద లెక్క తీసిన జెన్నిఫర్ లేవర్స్, అలెగ్జాండర్ బాండ్ అనే శాస్త్రవేత్తలు, అక్కడ 3 కోట్ల 77 లక్షల ప్లాస్టిక్ ముక్కలు ఉన్నాయని, వాటి బరువు 17.6 టన్నులని అంచనా కట్టి 2017లో ప్రచురించారు. వాటిలో ఎక్కువ భాగం పైకి కనబడవు. ఇసుకలో పది సెంటీమీటర్ల లోపు పూడి ఉన్నాయి. 2019లో ఒక బృందం వెళ్లి ఆరు టన్నుల దాకా ఏరింది. దీవి చుట్టూ పగడపు దిబ్బ, దాని మీద విరిగే అలలు. చిన్న పడవల్లో ఆ సంచులను ఓడ దాకా చేర్చడం సాధ్యం కాలేదు. ఏరిన చెత్తను ఒడ్డునే పైకి చేర్చి వదిలి రావలసి వచ్చింది. అంత దూరం వెళ్లి, అంత ఖర్చు పెట్టి, అంత నేర్పున్నవారు చేసినా పని ఆగింది ఒడ్డుకూ ఓడకూ మధ్య ఉన్న కొన్ని వందల గజాల నీళ్ల దగ్గర.

ఖర్చు సంగతి తెలియాలంటే హిందూ మహాసముద్రంలోని అల్దాబ్రా దీవిని చూడాలి. సీషెల్స్ దేశానికి చెందిన ఆ పగడపు దీవి కూడా వారసత్వ ప్రదేశమే, పెద్ద నేల తాబేళ్లకు నెలవు. 2019లో సీషెల్స్ ఐలాండ్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో పన్నెండు మంది స్వచ్ఛంద కార్యకర్తలు అయిదు వారాలు పనిచేసి 25 టన్నులు తీశారు. అందుకైన ఖర్చు 2,24,537 డాలర్లు. మిగిలినది 513 టన్నులు ఉంటుందని, అదంతా తీయడానికి 18,000 పనిగంటలు, 46 లక్షల 80 వేల డాలర్లు కావాలని వారు లెక్క కట్టారు. ఆ చెత్త బరువులో 83 శాతం చేపల వేటకు సంబంధించిన వలలు, తాళ్లు, బెండ్లు. ఆ దేశం జనాభా ఒక లక్షకు కొంచెం ఎక్కువ; ఆ వలల్లో ఎక్కువ భాగం వారి పడవలవి కావు. ఎవరో విడిచిన వలకు ఎవరో ఖర్చు పెట్టవలసి వస్తున్నది. ఈ అన్యాయాన్ని ఎవరూ పట్టించుకోకుండా దీవులను శుభ్రం చేయమని పిలుపునివ్వడం నాకు మింగుడు పడదు.

డబ్బున్న దేశాలు ఈ మోత సమస్యకు హెలికాప్టర్లతో జవాబు వెతికాయి. 2011 మార్చి సునామీలో జపాన్ నుంచి 50 లక్షల టన్నుల శిథిలాలు సముద్రంలోకి పోయాయని, వాటిలో 70 శాతం తీరం దగ్గరనే మునిగిపోగా 15 లక్షల టన్నులు తేలుతూ పోయాయని ఆ దేశ పర్యావరణ శాఖ అంచనా వేసింది. వాటిలో కొంత అలాస్కా తీరానికి చేరింది. ఆ పనికి సాయంగా జపాన్ ప్రభుత్వం అమెరికాకు 50 లక్షల డాలర్లు ఇచ్చింది. తన ఇంట్లో అంత విషాదం జరిగిన తరువాత, పొరుగు ఒడ్డున పడిన తన సామాను కోసం డబ్బు పంపిన ఆ మర్యాదను నేను ఎప్పుడూ తలుచుకుంటాను. 2015లో అలాస్కాలో రోడ్డు లేని ఒడ్డుల మీద ఏళ్ల తరబడి పోగు చేసి ఉంచిన పెద్ద పెద్ద జంబో సంచులను హెలికాప్టర్ కొక్కేనికి తగిలించి, సముద్రంలో నిలిపిన బల్లకట్టు లాంటి పెద్ద నౌక మీద దించి, సియాటిల్ రేవుకు చేర్చారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2020లో, కరోనా వల్ల పర్యాటకం ఆగిపోయి ఖాళీగా ఉన్న చిన్న యాత్రానౌకల వారు కలిసి, ఇదే పద్ధతిలో 127 టన్నులు తీశారు. పని లేకుండా పోయిన పడవ సిబ్బందికి ఆ కాలంలో జీతం కూడా దొరికింది.

మనకు హెలికాప్టర్లు రావు. అయితే మనకు ఫైబర్ పడవలున్నాయి, వాటిని అలలు దాటించగల మనుషులున్నారు, కావడి మోయడం తెలిసిన భుజాలున్నాయి. రెండో సంవత్సరం నుంచి మేము పద్ధతి మార్చాము. ముందు పడవ మాట్లాడుకుంటాము, తరువాతే పిల్లలను పిలుస్తాము. పడవ ఎన్ని సంచులు మోస్తుందో అన్ని సంచులే నింపుతాము. ఇంకా చెత్త కనబడినా ఆపేస్తాము. ఏరడం ఆపమని ఉత్సాహంగా ఉన్న పిల్లలకు చెప్పడం కష్టమైన పని, కాని చెప్పాలి. సంచి బరువు ఇద్దరు కావడి మీద మోయగలిగినంత, అంటే ఇరవై, ఇరవై అయిదు కిలోలకు మించకూడదు. వలలను ఏరిన వెంటనే కట్టకూడదు. తడి ఇసుక పట్టిన వల ఎండిన వలకంటే ఎంతో బరువు. ఒక పూట ఆరవేసి, దులిపి, మడిచి కడితే పడవలో చోటు మిగులుతుంది. పడవవారికి డీజిలు ఖర్చుతోపాటు ఆ రోజు కూలి ఇవ్వాలి. ఒక రోజు వేట మానుకుని వచ్చినవారిని సేవ పేరుతో ఉచితంగా పనిచేయించుకోవడం సరికాదు.

ఎప్పుడు వెళ్లాలి అన్నది ఎట్లా మోయాలి అన్నదంత ముఖ్యం. మన తూర్పు తీరం వెంబడి ప్రవాహం సంవత్సరానికి రెండుసార్లు దిశ మారుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా అది ఉత్తరానికి పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి వస్తుంది. దక్షిణానికి వచ్చే నెలలే మనకు ఈశాన్య రుతుపవనాల కాలం, నదులు పారే కాలం, తుపానుల కాలం. అందువల్ల కృష్ణా, పెన్నా నదుల నుంచి సముద్రంలో పడినది కూడా ఆ నెలల్లో మన వైపు జరగడానికి వీలుంటుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను తరువాత ఒడ్డు మీద చెత్త మామూలు పోటు గీత దాకా ఆగలేదు. ఇసుక దిబ్బలు దాటి సవక చెట్ల మొదళ్లలో చిక్కుకుని ఉంది. అట్లా దిబ్బల వెనుక పడినది మళ్లీ పెద్ద తుపాను వస్తే తప్ప కదలదు కాబట్టి దానికి తొందర లేదు. దిబ్బల ముందు పడినదానికే తొందర ఉంది.

దీని మీద తాబేళ్ల లెక్క ఒకటి ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఒడ్డున రాత్రిపూట ఎక్కి, అడుగున్నర లోతు గుంత తవ్వి, నూరుకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి వెళ్తాయి. పొదగడానికి నలభై అయిదు నుంచి అరవై రోజులు పడుతుంది. పొదిగే వేడి ఇసుకదే. ఈ కాలంలో ఒడ్డు మీద ట్రాక్టరు నడిస్తే ఇసుక గట్టిపడి లోపలి పిల్లలు పైకి రాలేవు. పలుగు పెట్టి ఇసుక గీరితే గుంతలు చెదిరిపోతాయి. మరి శుభ్రం చేయకపోతే ఎక్కివచ్చే తల్లి తాబేలు వలలో చిక్కుకుంటుంది. అందువల్ల మేము ఏడాదికి రెండు విడతలే పెట్టుకున్నాము. తుపానులు తగ్గిన డిసెంబరు చివర ఒకటి, తాబేళ్లు రాకముందే వలలు తీయడానికి. పిల్లలన్నీ సముద్రంలోకి పోయిన తరువాత, జూన్‌లో రెండోది, తిరిగి వానలు రాకముందే తేలిక చెత్త తీయడానికి. రెండు విడతలకూ అటవీశాఖకు ముందుగా తెలియజేస్తాము. శ్రీహరికోట వైపు భద్రతా పరిధిలో అడుగు పెట్టము. అక్కడి ఒడ్డును అక్కడివారే చూసుకోవాలి.

ఏరేటప్పుడు దేనితో మొదలుపెట్టాలి? అన్నీ ఒకటే అనుకుని కనబడిందల్లా సంచిలో వేస్తే, సాయంత్రానికి సంచులు నిండుతాయి గాని తీరానికి చేసిన మేలు కొంచెమే. మొదట వలలు. సముద్రంలో యజమాని లేకుండా తిరిగే వల చేపలు పట్టడం మానదు. అందుకే ప్రపంచమంతటా వాటిని దయ్యపు వలలు అంటారు. ఒడ్డెక్కిన వల తరువాతి పోటుకు మళ్లీ ఆ పనికే పోతుంది. హవాయి దీవుల వాయవ్య కొసన, పాపహానౌమొకువాకేయా అనే రక్షిత ప్రాంతంలో 1996 నుంచి ఈ వలల కోసమే బృందాలు వెళ్తున్నాయి. గజ ఈతగాళ్లు నీళ్లలో మునిగి, పగడాలు విరగకుండా, కత్తితో పోగు పోగు కోసి విడదీస్తారు. 2018లో ఒక్క యాత్రలో 74 టన్నులు తెచ్చారు. మన ఒడ్డున పగడాలు లేవు కాని వల సగం ఇసుకలో ఉంటుంది. బలంగా గుంజితే పైభాగం తెగి వస్తుంది, లోపలిది అక్కడే ఉండిపోతుంది. చుట్టూ చేతులతో ఇసుక తీసి, కొడవలితో ముక్కలుగా కోయాలి.

వలల తరువాత సీసాలు. కారణం నేను కూడా ఆలస్యంగానే తెలుసుకున్నాను. ఖాళీ శంఖాల్లో కాపురముండే సన్యాసి పీతలు మీకు తెలుసు. మూతి పైకి వాలి ఉన్న ప్లాస్టిక్ సీసాలోకి అది దిగితే నున్నని గోడ ఎక్కి బయటికి రాలేదు, లోపలే చచ్చిపోతుంది. చచ్చిన పీత వాసన మిగతా పీతలకు ఒక శంఖం ఖాళీ అయిందన్న కబురు. అవి దాని కోసం వచ్చి అదే సీసాలో పడతాయి. హెండర్సన్ దీవిలో 61,000, హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో 5,08,000 సన్యాసి పీతలు ఇట్లా సీసాల్లో, డబ్బాల్లో చిక్కుకున్నాయని లేవర్స్ బృందమే అంచనా కట్టింది. ఈ విషయం చెప్పిన తరువాత మా పిల్లల్లో ఒక్కరు కూడా సీసాను దాటిపోలేదు. మూత ఉన్న సీసా కంటే మూత లేని సీసా ముందు.

ఆ తరువాత థర్మోకోల్. అది చేతిలోనే పొడి అవుతుంది. ఈ సంవత్సరం ముక్కగా తీయకపోతే వచ్చే సంవత్సరం గుళికలుగా కూడా తీయలేము. ఎండకు, ఉప్పుకు, ఇసుక రాపిడికి ప్రతి ప్లాస్టిక్కూ చివరికి అయిదు మిల్లీమీటర్ల లోపు పొడిగా మారుతుంది. అప్పుడు జల్లెడ పట్టి తీయబోతే ఇసుకలోని ప్రాణులు కూడా వస్తాయి.

ముట్టకూడనివి కూడా చెప్పాలి. కొట్టుకొచ్చిన కట్టెలు, సముద్రపు పాచి, ఎండిన ఆకులు చెత్త కావు. చిన్న పీతలకు అది తిండి, ఇసుక దిబ్బకు అది ఆధారం. రావణాసురుని మీసాలు అని పిలిచే గరుకు గడ్డి, నేల మీద పాకే ఊదా పూల తీగలు ఇసుకను పట్టి ఉంచుతాయి; వాటిలో చిక్కిన సంచి కోసం తీగను పెరకకూడదు, సంచినే కోయాలి. శుభ్రం అన్న మాటకు మన ఇళ్లలో ఊడ్చి అలికిన వాకిలి అర్థం. తీరానికి ఆ అర్థం సరిపోదు. ఊడ్చినట్టుండే ఒడ్డు బతికున్న ఒడ్డు కాదు.

మూత బిగించిన పీపాలు, సిలిండర్లు, పేరు తెలియని డబ్బాలు కనబడితే దగ్గరికి పోకుండా మెరైన్ పోలీసులకు చెప్పాలి. 2025 మే 25న కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే నౌక 640 కంటెయినర్లతో మునిగింది. వాటిలో కొన్నింటిలో నీరు తగిలితే మండే వాయువును విడుదల చేసే కాల్షియం కార్బైడ్ ఉండడంతో, ఒడ్డెక్కిన కంటెయినర్లకు 200 మీటర్ల దూరంలో ఉండమని అధికారులు ప్రజలను హెచ్చరించారు. అదే నౌక నుంచి పప్పుగింజల్లాంటి ప్లాస్టిక్ గుళికలు కేరళ ఒడ్డున పడ్డాయి. 2021లో శ్రీలంక దగ్గర ఎక్స్-ప్రెస్ పెర్ల్ నౌక కాలిపోయినప్పుడు అటువంటి గుళికలే 1,680 టన్నులు సముద్రం పాలయ్యాయి. అట్లా గుళికలు పడినచోట విద్యార్థులతో పని ఉండదు.

ఏరినదాన్ని లెక్క రాయకుండా పంపేయవద్దు. వంద మీటర్ల ముక్క ఒకటి గుర్తు పెట్టుకుని, ప్రతిసారీ అదే ముక్కలో ఏ వస్తువు ఎన్ని అని రాస్తే, కొన్నేళ్లకు తీరమే మనకు సమాచారం ఇస్తుంది. ఐరోపా దేశాలు ఈశాన్య అట్లాంటిక్ సముద్ర రక్షణకు చేసుకున్న ఆస్పార్ ఒప్పందం కింద ఇదే వంద మీటర్ల పద్ధతి పాటిస్తాయి. పిల్లలకు బాగా నచ్చే పని బార్‌కోడ్ చదవడం. గీతల కింద మొదటి మూడంకెలు 890 అయితే ఆ సంఖ్య మన దేశంలో నమోదైనది. 479 శ్రీలంక, 883 మయన్మార్, 885 థాయిలాండ్, 899 ఇండోనేషియా, 955 మలేషియా. అయితే మలేషియా సీసా దొరికింది కాబట్టి అది మలేషియా నుంచి తేలుకుంటూ వచ్చిందని వెంటనే రాయకూడదు. దక్షిణ అట్లాంటిక్‌లో ఇన్‌యాక్సెసిబుల్ అనే, పేరుకు తగినట్టే చేరరాని దీవిలో 2018లో పీటర్ ర్యాన్ అనే శాస్త్రవేత్త బృందం సీసాలు లెక్కపెడితే, కొత్తగా వచ్చినవాటిలో 83 శాతం ఆసియావి, ఎక్కువగా చైనావి. వాటిలో చాలావాటి మీద తయారీ తేదీ రెండేళ్లు కూడా దాటలేదు. ఆసియా నుంచి అంత దూరం అంత త్వరగా తేలుతూ రావడం కుదరదు. అవి ఓడల్లోంచి విసిరినవని వారు తేల్చారు. ఓడల నుంచి ప్లాస్టిక్ పారవేయడాన్ని, ఓడల కాలుష్యాన్ని అరికట్టే మార్పోల్ అంతర్జాతీయ ఒప్పందం అయిదో అనుబంధం 1988 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. అందుకే సీసా దొరికితే దాని మీద తేదీ, దానికి పట్టిన గవ్వజీవులు, రెండూ చూసి రాయండి. గవ్వ పట్టని కొత్త విదేశీ సీసా దగ్గరలో పోయిన ఓడదో పడవదో అయి ఉంటుంది.

తెచ్చిన చెత్త ఎక్కడికి పోవాలి అన్నది నేను ఇంకా సంతృప్తిగా జవాబు చెప్పలేని ప్రశ్న. ఉప్పు, ఇసుక, ఎండ తిన్న ప్లాస్టిక్‌ను పాత సామాను కొనేవారు తీసుకోరు. నైలాన్ వలలు, గట్టి బెండ్లు మాత్రం వేరు చేసి శుభ్రంగా ఇస్తే కొంటారు. హవాయి రాజధాని హొనొలులులో, సముద్రం నుంచి తెచ్చిన వలలను 2002 నుంచి ముక్కలు చేసి కాల్చి కరెంటు తీస్తున్నారు. కేరళలో 2017లో నీండకర రేవు దగ్గర మొదలైన శుచిత్వ సాగరం పథకంలో మత్స్యకారులు వలలో పడిన ప్లాస్టిక్‌ను ఒడ్డుకు తెస్తారు, దాన్ని తురిమి రోడ్లకు తారుతో కలుపుతారు. మన రేవుల్లో అటువంటి తురుము యంత్రం ఒక్కటి పెట్టినా పని సగం తేలికవుతుంది. ఒడ్డునే కుప్ప పోసి అంటించడం మాత్రం చేయరాదు. ఆ పొగ ముందుగా పోయేది పక్కనున్న పాళెం ఇళ్లలోకి.

మళ్లీ వచ్చేదాన్ని మళ్లీ మళ్లీ ఎందుకు తీయాలి అని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అడుగుతారు, అడగవలసిందే. హెండర్సన్ ఉత్తరపు ఒడ్డుకు రోజుకు 3,500 పైగా ముక్కలు వస్తున్నాయని లెక్క ఉన్నప్పుడు ఆ సందేహం సహజం. నా జవాబు ఇది. ఇప్పుడు సీసాగా ఉన్నదాన్ని ఒక మనిషి ఒక చేత్తో తీయగలడు. పదేళ్ల తరువాత అదే వేల ముక్కలు, ఎవరూ తీయలేరు. ఒక వల తీస్తే ఆ వల ఇక ఏ తాబేలునూ పట్టదు. కొత్త వల వచ్చిందన్న కారణంతో పాత వల తీసిన మేలు పోదు. అయితే తీరానికి వెళ్లేవారు స్వర్ణముఖిని మరిచిపోకూడదు. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ సీసాలు ఆపగలిగినప్పుడు, కొండ కింద ఏటి గట్టున చెత్త పోయకుండా ఆపడం అంతకంటే కష్టం కాదు. వాకాడు బ్యారేజీ దగ్గర, గేట్లు ఎత్తకముందు, నీళ్ల మీద తేలే చెత్తను ఆపే గొలుసు కంచె ఒకటి కడితే, రెండు విడతల్లో మేము మోసేదానికంటే ఎక్కువ అక్కడే ఆగుతుందని నా నమ్మకం. ఈ మాట నేను సంబంధిత అధికారులకు రాతపూర్వకంగా ఇచ్చాను, మళ్లీ ఇస్తాను.

దుగరాజపట్నానికి దక్షిణంగా మేము గుర్తు పెట్టుకున్న ఒక ట్రాలు వల, అంటే మరపడవ వెనుక ఈడ్చే పెద్ద వల, ఉంది. రెండు డిసెంబరులు దాన్ని తీయడానికి ప్రయత్నించాము. పైకి కనబడేది ఒక మంచమంత. ఇసుక తవ్వేకొద్దీ అది ఒక గది అంత అని తెలిసింది. అడుగున ఇనుప తాడు ఉంది, కొడవలికి తెగదు. వచ్చే జూన్‌లో తాడు కోసే కత్తెర, రెండు మోకులు, ఒక కప్పీ తీసుకుని, రెండు పడవలతో వెళ్తున్నాము. ఎనిమిది మంది బలమైన వాళ్లు కావాలి. ఈత వచ్చి ఉండాలి, తల్లిదండ్రుల అనుమతి కాగితం ఉండాలి, కాళ్లకు మందమైన చెప్పులు, చేతులకు తోలు తొడుగులు మేమే ఇస్తాము. పేర్లు ఇవ్వదలచినవారు సభ అయిన తరువాత ఈ ఎడమ పక్క బల్ల దగ్గరికి రండి.